ఆఖరి ముద్ద

కుక్కల మనసులో మాట మెడపట్టీలు పలకడం మొదలెట్టాక, ఒప్పుకున్నట్టు కాగితం మీద కుక్క కాలిగుర్తు లేనిదే ఏ కుక్కల హాస్టలూ దాన్ని చేర్చుకోవడం లేదు. సాయంత్రం మా రైలు. మా కుక్క గోలీ అప్పటికే మూడు హాస్టళ్లను కాదంది.

నాలుగోదాంట్లో ఏసీ గదులు, ఈతకొలను, కొలిచి వడ్డించే యంత్రం ఉన్నాయి.

"ఆఖరి ముద్ద ఎవరు పెడతారు?" అనడిగింది గోలీ.

మేనేజరు తెల్లమొహం వేశాడు.

"మా ఆయన చేసిన అలవాటండీ. తన కంచంలో ఆఖరి పెరుగన్నం ముద్ద రోజూ దీనికే," అన్నాను విసుగ్గా.

తిరిగి వస్తుంటే, గేటు దగ్గర ఆ హాస్టల్ ఊడ్చే సింహాచలమ్మ క్యారేజీలో అన్నం తింటోంది. గోలీ వెళ్లి ఎదురుగా కూర్చుంది. ఆమె గిన్నె అడుగున మిగిలింది ముద్ద చేసి, "దా తల్లీ" అని చెయ్యి చాపింది.

గోలీ మూతి నాక్కుని నావైపు తిరిగింది.

"అమ్మా, కాలిగుర్తు ఎక్కడెయ్యాలి?"