నమ్మకమైన షాపు

స్పేర్ పార్ట్స్ షాపాయన పొద్దున పదింటికే షట్టర్ సగం దించేసరికి కింది నుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని ఆపేసింది. చెయ్యంతా నల్లటి ఆయిల్.

"ఒక్క ఐదు నిమిషాలు బాబాయ్," అంటూ రైతు వంగి లోపలికి దూరాడు. గోనెసంచిలో చుట్టి తెచ్చిన హైడ్రాలిక్ పంపును కౌంటర్ మీద పెట్టాడు. దాని షాఫ్టు విరిగి రెండు ముక్కలైంది. ట్రాక్టర్ వెనక తగిలించిన విత్తనాల గొర్రు పొలం మధ్యలో కూలబడిపోయిందనీ, లీవర్ ఎంత లాగినా లేవడం లేదనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

వాన మొన్న పడింది. ఆ పదును మూడు రోజులుంటుంది, మహా అయితే నాలుగు. నేల ఆరేలోగా విత్తనం పడకపోతే ఈ ఏడాదికి ఆ ఇంట్లో పంట మాట మర్చిపోవాల్సిందే. పోనీ ఇంకొకరి ట్రాక్టర్ అడుగుదామంటే, వాన తనొక్కడి పొలంలోనే పడలేదు కదా. ఎవరి హడావిడిలో వాళ్లున్నారు.

షాపాయన పంపును ముట్టుకోలేదు. ఎప్పుడూ అలా చేసే మనిషి కాదు. పాత పీసు చూడనిదే ఆయన ఏ సామానూ ఇవ్వడు. ఫోన్లో చెబితే వినడు. పీసు కౌంటర్ మీద పెట్టాలి, ఆయన దాన్ని కిరసనాయిలుతో కడగాలి, పళ్లు లెక్కపెట్టాలి, కొలతలు తీసుకోవాలి, అప్పుడు "నాలుగో రోజు రా" అనాలి. నాలుగో రోజుకి సామాను సిద్ధంగా ఉండేది.

ఆ మోడల్ ట్రాక్టర్ తయారీ ఆపేసి చాలా ఏళ్లయింది. మిగతా షాపులవాళ్లు ఆ డొక్కుని ఇంకా ఎందుకు మోస్తున్నావని నవ్వేవాళ్లు. లేకపోతే తళతళా మెరిసే డూప్లికేట్ ఏదో అంటగట్టేవాళ్లు, పదిరోజులు తిరిగేసరికి బండి మళ్లీ మొదటికొచ్చేది. ఈ షాపులో అలా కాదు. ఇచ్చేది వాడినదే అయినా అసలు కంపెనీది. ఆరేళ్లలో గేరు, క్లచ్ ప్లేటు, స్టీరింగ్ బాక్సు, డైనమో, ఏది పట్టుకెళ్లినా తిరిగి చూసుకోనక్కర్లేకపోయింది.

"మీ అన్నయ్య పోయాడని పొద్దున్నే కబురొచ్చింది," అన్నాడు షాపాయన. "నువ్విక్కడున్నావేంటయ్యా?"

రైతు తల తిప్పుకున్నాడు. గోడకి వేలాడుతున్న ఫ్యాన్ బెల్టుల వైపు చూస్తూ, పోయినవాడు ఎలాగూ లేచి రాడు, పదును మాత్రం ఆగదు అన్నాడు. పెళ్లాం కూడా తెల్లారినప్పటి నుంచీ వెళ్లమని ఒకటే పాటట. ఒక్కసారి ముఖం చూసి రమ్మని కాళ్లావేళ్లా పడిందట. పొలం గట్టు దగ్గర అన్నతో తగువొచ్చి ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ గుమ్మం తొక్కనివాడు ఇవాళ వెళ్లి నలుగురిలో తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

"అలా అనకు. తోడబుట్టినవాడు," అన్నాడు షాపాయన.

ఆ మాటతో రైతుకి ఒళ్లు మండింది. "తోడబుట్టి ఏం ఒరిగింది బాబాయ్? నా బండి ఎన్నిసార్లు ఆగిపోయింది? ఏరా, ఏమైందిరా అని ఒక్కసారి అడిగాడా? తనకీ ఇలాంటి బండే ఉంది. దాన్ని షెడ్డులో పట్టా కప్పి దాచుకుని, తన పొలం కిరాయి బండితో దున్నించుకుంటాడు. అరిగిపోతుందని కాబోలు."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు, దాని బదులు ఏడుపొచ్చింది. సంచి అంచుతో కళ్లు తుడుచుకుంటే ముఖానికీ ఆయిల్ అంటింది. చిన్నప్పుడు ఆ అన్నయ్యే తనని సైకిల్ మీద ఎక్కించుకుని తిప్పాడని గుర్తొచ్చి ఏడ్చాడో, పొలంలో ఆగిపోయిన గొర్రు గుర్తొచ్చి ఏడ్చాడో తనకే తెలియదు. రెండూ అయ్యుంటాయి.

"ఆయన కంటే నువ్వే నయం," అన్నాడు గొంతు సవరించుకుని. "నా పిల్లలు ఇంత అన్నం తింటున్నారంటే ఈ షాపు చలవ. ఈ ఒక్కసారీ గట్టెక్కించు బాబాయ్. నాలుగో రోజు అనకు. ఇవాళే కావాలి."

షాపాయన తాళంచెవుల గుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత, ఇందులో తన చలవేమీ లేదన్నాడు. ఆ మోడల్ సామాను తన షాపులో ఏనాడూ లేదట. ఇచ్చేవాడు వేరే ఉన్నాడట. రైతు మొదటిసారి పీసు పెట్టి వెళ్లిన రోజే ఆయన వచ్చి చూశాడట. అప్పటి నుంచి ఏది కావాలన్నా స్వయంగా విప్పి, తుడిచి, గుడ్డలో చుట్టి తెచ్చిచ్చేవాడట. పేరు మాత్రం బయటపెట్టొద్దని ఒట్టు వేయించుకున్నాడట.

రైతుకి అదంతా వినే ఓపిక లేదు. కాలు ఒక చోట నిలవడం లేదు.

"పంపు ఉందా ఆయన దగ్గర?"

"ఉంది. ఇక మిగిలింది అదొక్కటే."

"మరింకేం. ఇల్లెక్కడో చెప్పు చాలు, నేనే వెళ్తా. ఇవ్వనంటే కాళ్లు పట్టుకుంటా. పంపు చేతిలో పెట్టేదాకా ఆ కాళ్లు వదలను."

షాపాయన చెప్పులు వేసుకున్నాడు. విరిగిన పంపును మళ్లీ గోనెసంచిలో చుట్టి రైతు చేతికిచ్చాడు. షట్టర్ పూర్తిగా దించి తాళం వేశాడు. అప్పుడు రైతు భుజం మీద చెయ్యి వేశాడు.

"అయితే త్వరగా నడువు. పన్నెండింటికల్లా మీ అన్నయ్యని తీసుకెళ్లిపోతారు."