బిగియని నడుంపట్టీ

చెట్టెక్కేవాడి నెత్తురు పరీక్ష చేయందే నడుంపట్టీ కొక్కెం పడని రోజులవి. సన్యాసిరావుకు వరసగా మూడో ఉదయం కూడా పడలేదు.

“మూత్రపిండాలు మందగించాయి. వాటితోపాటు రక్తనాళాలూ బిరుసెక్కాయి. ఎక్కవద్దు,” అంది పట్టీ.

“కొబ్బరిచెట్టు ఎక్కేది చేతుల్తోటా, మూత్రపిండాల్తోటా? ఈయేళా ఎక్కకపోతే తోట ఇంకొకడికి పోద్ది!”

భార్య ఎర్రయ్యమ్మకు అప్పుడు అనుమానమొచ్చింది. ఎక్కేవాళ్ళు పొద్దుట నీళ్ళు ముట్టరు. మూత్రానికని మధ్యలో దిగాల్సొస్తే నామోషీ. పట్టీ ఏ క్షణాన ఎక్కనిస్తుందోనని ఈ మూడురోజులూ పగలంతా అతను గుక్కెడైనా తాగలేదు.

ఆమె చెంబెడు నీళ్ళిచ్చింది. గటగటా తాగి మళ్ళీ చుట్టుకున్నాడు. కొక్కెం పడలేదు.

“తాగినాను కదే! ఇంకేటి కావాల దీనికి?”

“పాతికేళ్ళు ఎండగట్టిన ఒంటికి ఒక్క చెంబు సరిపోద్దేటి? నడు, డాక్టరమ్మ కాడికి.”

ఆమె ముందు నడిచింది. కొక్కెం పడని పట్టీని నడుముకు చేత్తో అదిమి పట్టుకునే, దాన్ని తిట్టుకుంటూ అతను వెనక బయల్దేరాడు.