రెండో వంతు

"స్పీడు మళ్ళీ పడిపోయింది."

టెస్టర్ పెన్ను బల్ల మీదికి విసిరేసింది.

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ యంత్రాలను ఇకనుంచి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద పరీక్షించాలో పత్రిక తరఫున ఆమె సాయంత్రానికల్లా తేల్చాలి. ఒకటి పెద్ద కంపెనీది, ఇంకొకటి ఎవరో ఉచితంగా ఇస్తున్నది. ఈ పత్రిక దేన్ని వాడితే జనం దాన్నే అడుగుతారు. చిన్నది బతికి బట్టకట్టాలంటే ఇదే దారి.

ఒకే యంత్రం, ఒకే గేమ్. పొద్దున్నే పెద్దది, అది ముగియగానే చిన్నది. చిన్నది ఒకరోజు సెకనుకు యాభై ఫ్రేములు ఇస్తుంది, ఒకరోజు నలభై కూడా ఇవ్వక బొమ్మ తడబడుతుంది. వారం నుంచి ఇదే వరస. ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఫోన్ మోగింది. ఎడిటర్.

"తేలిందా?"

"లేదు సార్. రెండోది మాట వినడం లేదు."

"ఆడలేక మద్దెల ఓడు అనకు. ఐదింటికి రిపోర్టు కావాలి."

ఫోన్ పెట్టేసరికి, గోడ పక్క కుర్చీలో పొద్దుటి నుంచి కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఫలితం చూసి పోతానని వచ్చిన పాఠకుడు కాబోలు. ఇలాంటివాళ్ళు నెలకొకరైనా వస్తుంటారు.

"అమ్మా, ఒక మాట చెప్పనా?"

"చెప్పండి."

"ఆ యంత్రం ఫ్యాన్ మోత ఇక్కడిదాకా వినిపిస్తోంది. వేడెక్కితే ఏదైనా నెమ్మదిస్తుంది కదా. రేపు రెండోదాన్ని ముందు పెట్టి చూడు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. దారిన పోయేవాళ్ళూ పాఠం చెప్పేవాళ్ళే.

"మాకో పద్ధతుంది బాబాయ్‌గారూ. రేపటిదాకా ఆగే తీరిక లేదు. ఫలితం చూశారుగా, ఇక వెళ్ళిరండి."

"ఒక్క అరగంట చల్లారనిచ్చినా చాలమ్మా."

"వెళ్ళిరండి."

ఆయన తలూపి, కుర్చీ గోడకు జరిపి వెళ్ళాడు.

'చిన్నది నమ్మదగినది కాదు' అని రిపోర్టు అచ్చయింది.

నెల తర్వాత ఒక ఉదయం పెద్దది అప్‌డేట్ అంటూ మొరాయించింది. ఊరికే కూర్చోలేక ఆమె చిన్నదాన్ని పెట్టింది. అరవై ఫ్రేములు. ఆ వేడి మీదే పెద్దదాన్ని మళ్ళీ పెడితే ఈసారి నడిచింది. ముప్పై ఎనిమిది.

తప్పు సిస్టమ్‌ది కాదు, తనది.

సవరణ వేయాలి. అంతకంటే ముందు చిన్నదాన్ని తయారుచేసినవాళ్ళకు క్షమాపణ చెప్పాలి. చిరునామా కోసం దాని సైటు తెరిచింది.

'వాడేవాళ్ళు మిగల్లేదు. ఇక ఆపేస్తున్నాను' అని ఒక్క ముక్క, దాని కింద ఫొటో.

తొమ్మిదేళ్ళు ఒంటిచేత్తో దాన్ని తయారుచేసిన ఆ పెద్దాయన, అది కళ్ళెదుటే ఓడిపోతుంటే కూడా 'ఇది నాదమ్మా' అని ఒక్క మాట అనకుండా, కాస్త చల్లారనివ్వమని మాత్రమే అడిగి వెళ్ళిపోయాడు.