ముప్పై ఆరో ఫోటో

ఆ ఆదివారం ఇంట్లో అయిదుగురం. తాతయ్య, నానమ్మ, అమ్మ, హరీష్ చిన్నాన్న, నేను. ఎవరెవరున్నారని రోజూ పొద్దున్నే తాతయ్య అడుగుతారు, గ్రూప్ ఫోటోకి తలలు లెక్కపెట్టినట్టు. నేను చెప్తాను. రోజు మొత్తంలో నేను గొంతెత్తేది అప్పుడే. బడిలో హాజరు పలకడానికి కూడా నాకు నోరు పెగలదు.

"ఇంకొకటి కూడా ఉంది తాతయ్యా," అన్నాను ఆ రోజు.

"ఏటే సుశ్మీ, అది?"

ఆయన చేతిలో కెమెరా పెట్టాను.

బరంపురంలో ఎవరో వాడి అమ్మేసిన డిజిటల్ కెమెరా. లెన్సు లేదు, అందుకే చవక. తాతయ్య ట్రంకు పెట్టెలో పాత ఫిల్మ్ కెమెరా లెన్సులున్నాయి. మధ్యలో ఒక రింగు బిగిస్తే రెండూ కలుస్తాయని ఫోన్లో చదివి, చిన్నాన్న చేత కెమెరా, రింగు తెప్పించాను.

దిగపహండి బజారులో ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి ఏడేళ్ళుగా కెమెరా ముట్టలేదు. ఎందుకని ఎవరడిగినా, "ఫిల్ము దొరకదు కదా," అంటారు.

అమ్మ షరతు పెట్టింది. "నాలుగింటి బస్సుకి హరీష్ బరంపురం ఎల్తాడు. ఈలోపు మావయ్య ఒక్క ఫోటో తిన్నగా తీస్తే సరి. లేదంటే కెమెరా ఎనక్కి ఎల్లిపోద్ది."

తాతయ్య లెన్సు అందుకుని వేళ్ళతో నిమిరారు. దాని రింగు మీద ఎప్పుడో ఆయన కత్తితో పెట్టుకున్న గాట్లున్నాయి. మూడడుగుల దూరానికొకటి, నాలుగడుగులకొకటి, ఆరడుగులకొకటి. కరెంటు పోయిన పెళ్ళిపందిళ్ళలో పనికొచ్చేవట. టక్కున బిగించారు.

కెమెరా మొరాయించింది. లెన్సు లేదంటోందని తెర మీది ఇంగ్లీషు చదివి చెప్పాను.

"లేదా? నీ తాతల నాటి లెన్సురా ఇది," అని కెమెరాని తిట్టారు తాతయ్య.

మెనూ అంతా గాలించి, లెన్సు లేకపోయినా ఫోటో తియ్యమనే చోట నొక్కాను. క్లిక్‌మంది. తాతయ్య దాన్ని చెవికి ఆనించుకుని మళ్ళీ నొక్కారు.

"పలుకుతున్నాదే. రెండయిపోయాయి. ఇంక ముప్పై నాలుగు."

"దీన్లో వేలు తీసుకోవచ్చు నాన్నా," అన్నాడు చిన్నాన్న.

"రోలంటే ముప్పై ఆరేరా. లెక్క లేకపోతే సేతికి భయముండదు."

పెరట్లోకి వచ్చాం. తాతయ్య అరచెయ్యి ఎండలో చాపి చూసుకుని, దానికి తగ్గట్టు లెన్సు మీది వెలుతురు రింగుని గడి గడిగా టిక్కు టిక్కుమని తిప్పారు. ముడుల తాడొకటి తీశారు. ముడికీ ముడికీ అడుగు దూరం. ఒక కొస కెమెరాకి, రెండో కొస నానమ్మ ముక్కుకి.

"ముక్కుతాడెయ్యడానికి నేనేటి, గేదెనా?" అంది నానమ్మ.

"మాటాడతా ఉండు బాలా. మాటాడకపోతే ఫోటో తియ్యను."

"పళ్ళు లేవు. నోరు తెరవను."

"నేను సూడన్లే, తెరువు."

అందరం పడీ పడీ నవ్వాం. నానమ్మ కూడా ఊగిపోయింది. క్లిక్.

ఆ నవ్వే కొంప ముంచింది. వెనక దండెం మీది తువ్వాలు దారం దారం కనిపిస్తూ వచ్చింది. నానమ్మ మాత్రం పొగలా వచ్చింది. తర్వాత ఆమె చోట చిన్నాన్న కూర్చున్నాడు.

"ఏటొచ్చింది?" అని అడిగారు తాతయ్య.

"చెవి," అన్నాను.

"ఏ సెవి?"

"కుడిది."

అమ్మ కూర్చుంటే తల తెగిపోయి, పుస్తెలతాడు బ్రహ్మాండంగా వచ్చింది. "ఫోటోనా, ఖూనీనా?" అన్నాడు చిన్నాన్న. నవ్వీ నవ్వీ నాకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

మూడున్నరకల్లా ముప్పై అయిదు అయిపోయాయి. ఒక్కటీ తిన్నగా లేదు. చిన్నాన్న చెప్పులేసుకున్నాడు. అమ్మ కెమెరా అట్టపెట్టె తెచ్చింది. ఎవరూ నవ్వడం లేదు.

తాతయ్య మెడలోంచి పట్టీ తియ్యలేదు. "ఒకటుండిపోయింది. అది సుశ్మికి," అన్నారు.

ఫోటో అంటే నేను తలుపు వెనక దాక్కుంటాను. ఆ రోజు దాక్కోలేదు. తాడు నాలుగో ముడి ముక్కుకి ఆనించుకుని నిలబడ్డాను. తాతయ్య లెన్సుని నాలుగడుగుల గాటు దగ్గరికి తిప్పారు.

"మాటాడవే."

ముడిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. రోడ్డు మీద బస్సు హారన్ మోగింది.

"పొద్దున్న సెప్పినట్టు సెప్పు," అన్నారు తాతయ్య మెల్లగా.

"ఇంట్లో అయిదుగురం," అన్నాను. కదల్లేదు. "తాతయ్య, నానమ్మ, అమ్మ, చిన్నాన్న..." వీధిలోకి వినిపించేంత గట్టిగా చెప్పాను. కెమెరా కొంచెం పక్కకి జరిగింది, కొంచెం పైకి లేచింది, నా ముఖానికి ఎదురుగా ఆగింది. "...నేను."

క్లిక్.

అమ్మ తెర మీద బొమ్మని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

"కనురెప్పల ఎంట్రుకలు లెక్కెట్టొచ్చే," అంది.

"హేలా, హేలా, సరిపోయింది, నేనొక్కణ్ణే ఎల్తాను," అంటూ చిన్నాన్న బస్సుకి పరుగెత్తాడు.

నానమ్మ తాతయ్య నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. నేను గెంతుతున్నాను. తాతయ్య కెమెరా గుండెకి హత్తుకుని, గోడ పక్కనుంచి గబగబా నడిచి, ఇప్పుడు బియ్యం బస్తాలుండే పాత డార్క్ రూములో దూరారు.

"ఎక్కడికి తాతయ్యా?"

"రోలు తియ్యాల. ఎలుతురు పడితే పోద్ది."

"రోలు కాదు తాతయ్యా, కార్డు. వెలుతురు పడినా దానికేమీ కాదు."

"ఫోటోగ్రాఫరు నువ్వా, నేనా? నడు బయటికి."

నా ముఖం మీదే తలుపు వేసేశారు. లైటు స్విచ్చి బయట, నా పక్కనే ఉంది.

"లైటు ఆర్పేసేవా?" అని లోపల్నుంచి కేక.

"ఆర్పేశాను తాతయ్యా."

చూపు పోయిన ఏడేళ్ళలో తాతయ్య తనంతట తాను చీకటి అడగడం అదే మొదటిసారి.