దిగి నడువు

సైకిలు చక్రంలోకి కట్టె దూరేసరికి ధనుంజయ ఎగిరి తారురోడ్డు మీద బోర్లా పడ్డాడు.

గడ్డం పగిలింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

తలెత్తి చూస్తే ఎదురుగా ఒక మనిషి. మాసిన ఖాకీ చొక్కా, నెరిసిన గడ్డం, చేతిలో తుమ్మకట్టె.

"దిగి నడువు," అన్నాడు ఆ మనిషి.

దిగడానికి ఇంకేముంది, దించేశాడు కదా.

ధనుంజయ ధర్మవరంలో పదిహేనేళ్లు పట్టుచీరలు నేసినవాడు. మగ్గం ఆగిపోయాక పెనుకొండ పక్కన అత్తగారి ఊరు చేరి, హిందూపురంలో ఒక బోల్టుల ఫ్యాక్టరీలో పని సంపాదించాడు. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని సూపర్‌వైజరు మొదటిరోజే చెప్పాడు.

అందుకే భార్య సుమా, తనూ కూర్చుని క్యాలెండరు వెనక దారి గీసుకున్నారు. ఆరింటికి ఊళ్లో సైకిలెక్కాలి. ఆరూ నలభైకి పెనుకొండ స్టేషను చేరాలి. ప్యాసింజరెక్కి హిందూపురంలో దిగితే అక్కడి స్టాండులో బావమరిది పాత సైకిలు ఉంటుంది. దాని మీద ఎనిమిదిలోగా ఫ్యాక్టరీ.

మధ్యలో చిక్కల్లా హైవే ఒక్కటే. అండర్‌పాసుకు పోతే ఇరవై నిమిషాలు చుట్టు. డివైడరు దిమ్మెలు పెరికి ఊళ్లవాళ్లు చేసుకున్న సందులోనైతే రెండు నిమిషాల పని. కాకపోతే అది గుట్ట దిగే రోడ్డు, మలుపు దాటితే గానీ బండి కనపడదు.

సుమ వద్దంది.

"నాకు చెవులుండాయి కదా," అన్నాడు ధనుంజయ.

అంత మగ్గం చప్పుడులోనూ ఒక్క పోగు తెగితే పట్టేసే చెవులవి. వాటి మీద అతనికి కొంచెం గర్వం కూడా ఉంది.

పాపం, క్యాలెండరు వెనక ఈ కట్టె మనిషిని గీసుకోలేదు.

ఆ రోజు రైలు తప్పిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఫ్యాక్టరీలో మొదటి ఆలస్యం రాసుకున్నారు.

ఎవరా పిచ్చోడని సందు పక్కన టీబంకు రత్నమ్మను అడిగాడు. పిచ్చోడు కాదనీ, దిగి నిలబడితే సమయం చూసి తనే పంపిస్తాడనీ ఆమె గ్లాసులు కడుగుతూ చెప్పింది. అంతకు మించి నోరు విప్పలేదు. మొదటి గ్లాసు టీ మాత్రం ఎప్పుడూ ఆ మనిషికే పోసేది.

రెండోసారి ధనుంజయ వేగంగా తొక్కి దాటబోయాడు. కట్టె భుజం మీద పడింది. అతనూ ఊరుకోలేదు, ముక్కు మీద గుద్దాడు. ఇద్దరూ దుమ్ములో దొర్లారు. ముక్కు నుంచి రక్తం కారుతున్నా ఆ మనిషి సైకిలు హ్యాండిలు వదల్లేదు.

"ఏ చప్పుడూ లేదు. ఎందుకురా నిలిపేది?"

"చప్పుడు రాదప్పా," అన్నాడు ఆ మనిషి రొప్పుతూ. "అదే చెప్తాండా. చప్పుడు రాదు."

మతి చెడినవాడి మాటలా తోచింది ధనుంజయకు. రెండో ఆలస్యం పడింది.

తరువాత నాలుగు రోజులు పళ్లు కొరుక్కుంటూ దిగి నిలబడ్డాడు. ఆ మనిషి మలుపు వైపు చూసి చూసి, ఎప్పటికో కట్టె ఎత్తేవాడు.

సోమవారం దారిలో టైరు పంక్చరై పదిహేను నిమిషాలు పోయాయి. సందు దగ్గరికి వచ్చేసరికి కట్టె అడ్డం వచ్చింది.

మూడో ఆలస్యమంటే ఇంట్లో పొయ్యి ఆరిపోవడమే. ధనుంజయకు అరికాలి మంట నెత్తికెక్కింది. సైకిలుకు తాళం వేసే గొలుసు చేతికి చుట్టుకుని విసిరాడు.

ఆ మనిషి చెంప చీలింది.

మళ్లీ విసిరాడు. ముంజేతి ఎముక విరిగిన చప్పుడు అతని చెవులకు స్పష్టంగా వినబడింది. ఆ మనిషి మోకాళ్ల మీద కూలిపోయాడు. తిట్టలేదు, తిరిగి కొట్టలేదు.

ధనుంజయ రోడ్డు అంచున నిలబడి చెవులు రిక్కించి విన్నాడు. ఈదురుగాలి తప్ప ఏమీ లేదు. సైకిలెక్కాడు.

రోడ్డు సగానికి వచ్చాడో లేదో, వెనక నుంచి ఒక బలమైన దెబ్బ వీపు మీద పడింది. సైకిలుతో సహా వెళ్లి అవతలి మట్టిలో పడ్డాడు. వీడింకా చావలేదా అనుకుంటూ గొలుసు బిగించి వెనక్కి తిరిగాడు.

అక్కడ ఎవరూ లేరు.

పల్లంలో బ్రేకులు కీచుమని ఒక రాళ్ల లారీ ఆగింది. ఆ మనిషి దాని ముందర, చాలా దూరంలో పడివున్నాడు.

లారీ డ్రైవరు దిగి వచ్చాడు. డీజిలు మిగులుతుందని ఈ దిగుడులో తామంతా న్యూట్రల్లో వేసి, ఇంజను ఆపి దింపుతామనీ, మనిషి అడ్డం వస్తాడనుకోలేదనీ ఏడ్చాడు.

రత్నమ్మ పరుగెత్తుకొచ్చి రోడ్డు మీదే కూర్చుంది. ఆ మనిషి తల ఒళ్లోకి తీసుకుని, గొలుసు చీల్చిన చెంపను కొంగుతో తుడిచింది. ఊపిరి అప్పటికే ఆగిపోయింది.

హిందూపురం రైలు కూత వేసి వెళ్లిపోయింది. ధనుంజయకు ఆ కూత వినబడనే లేదు.

చేతిలోని గొలుసు ఎక్కడ పడేయాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తరువాత రత్నమ్మ దగ్గరికి నడిచాడు.

"నీకేమవుతాడమ్మా?"

"ఏమీ కాడు," అంది రత్నమ్మ. "నాలుగేండ్ల కింద నా కొడుకు సైకిల్లో పోతా ఈ సందులోనే సచ్చిపోయినాడప్పా."

ఆమె ఆ మనిషి కళ్లు మూసింది.

"ఆ పొద్దు లారీని న్యూట్రల్లో దింపుకొచ్చింది ఈయప్పే."