దూడ ఉన్న పాలు

"దూడను లేపకండి బాబూ, ఇప్పుడే పడుకుంది," అంది పెద్దమ్మ, పశువుల కొట్టం గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఇన్‌స్పెక్టరుకు నవ్వొచ్చింది. ఈ ఉద్యోగంలో నానా రకాల సాకులూ విన్నాడు గానీ, దూడకు నిద్రాభంగం అన్నవాళ్లు మాత్రం ఇంతవరకు తగల్లేదు.

"చెవికి బిళ్ల వేసి వెళ్లిపోతాను పెద్దమ్మా. బిళ్ల లేకపోతే నష్టం నీకే."

నష్టమంటే అంతా ఇంతా కాదు. కొత్త పాల చట్టం ప్రకారం, దూడను తల్లి దగ్గరే ఉంచిన కొట్టం పాలకు డెయిరీ పెద్ద ధర ఇచ్చి తీరాలి. దూడను అమ్ముకున్నవాళ్లకు పాత ధరే గతి. ఆ ధరకు దాణా ఖర్చు కూడా రాదు. ఒక్క ఆవును నమ్ముకుని బతుకుతున్న పెద్దమ్మకు ఆ చెవి బిళ్లే ఆధారం. దూడను కళ్లారా చూసి బిళ్ల వెయ్యడం ఇన్‌స్పెక్టరు పని.

జేబులో ఫోన్ మోగింది. భార్య.

"ఏవండీ, వచ్చేటప్పుడు పాలు మర్చిపోకండి. పాప నిన్నటివి ముట్టలేదు. మీగడ కట్టిందని."

"మొండిఘటం! అంతా నీ పోలికే. చట్టం పుణ్యమా అని పాల ధర చుక్కలంటుతుంటే మహారాణిగారికి మీగడ పడదట!"

ఫోన్ పెట్టేశాక కూడా అతని ముఖాన నవ్వు మిగిలే ఉంది. పెద్దమ్మకు మాట మళ్లించే సందు దొరికింది.

"కూతురా బాబూ? ఏం చదువుతోంది?"

"మూడో తరగతి."

జీపు దగ్గరున్న డ్రైవరు ఎందుకో అటు తిరిగి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్లీ తుడవసాగాడు.

ఇన్‌స్పెక్టరు పెద్దమ్మను తప్పించుకుని లోపలికి వెళ్లాడు. కొట్టంలో వెలుతురు అంతంత మాత్రం. మూలన దూడ కాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. ఆవు దాని మెడను నాకుతోంది. నాకిన చోటే మళ్లీ మళ్లీ నాకుతోంది. అక్కడ వెంట్రుకలు ఊడిపోయి తోలు నున్నబడింది.

అతను వంగి చెవి పట్టుకున్నాడు. ఎండుటాకులా ఉంది. ఉలిక్కిపడి వదిలేసరికి దూడ ఒక పక్కకు ఒరిగింది. పొట్ట కింద కుట్లలోంచి గడ్డి రాలింది.

"పుట్టిన మూడోనాడే పోయింది బాబూ," అంది పెద్దమ్మ నేల చూపులు చూస్తూ. "తోలు ఒలిపించి గడ్డి కూరించాను. పక్కన దూడ కనబడకపోతే ఈ ఆవు చేపదు. పొదుగు పగిలిపోతున్నా చుక్క వదలదు."

"అంటే సర్కారునీ మోసం చేశావు, నోరులేని ఆవునీ మోసం చేశావు."

"సర్కారు సంగతి ఒప్పుకుంటాను. ఆవును మాత్రం కాదు. గడ్డి తినే జీవానికి గడ్డి వాసన తెలీదా? మొదటిరోజు వాసన చూసి వెనక్కి అడుగేసింది. దూరంగా నిలబడిపోయింది. మర్నాడు దానంతటదే వచ్చి నాకడం మొదలెట్టింది."

ఇన్‌స్పెక్టరుకు ఒళ్లు మండిపోయింది. ఇంత చిన్నదానికి అంత కోపం ఎందుకొచ్చిందో అతనికే అర్థం కాలేదు.

"లేని దూడను దానిచేత ఎన్నాళ్లు నాకిస్తావు? ఆ పిచ్చి ఆవుకి ఎవరో ఒకరు నిజం చెప్పొద్దూ? డ్రైవర్! దీన్ని తీసుకెళ్లి జీపులో పడెయ్."

"ధర పోతే పోనివ్వండి బాబూ," పెద్దమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "పాత ధరకే పోస్తాను. దాన్ని మాత్రం వదిలెయ్యండి."

అతను వినలేదు. జీపు కదిలేసరికి ఆవు అరిచింది. ఆకలి అరుపు కాదది, పిలుపు.

దారి పొడుగునా, మలుపు తిరిగినప్పుడల్లా, వెనక సీటులో దూడ తల తలుపుకు కొట్టుకుంటూనే ఉంది. పిలిచి లోపలికి రమ్మనేదాకా బయట ఎవరో నిలబడి తడుతున్నట్టుంది. కొట్టం ఎప్పుడో కనుమరుగైంది. అయినా ఆవు అరుపు ఆగలేదు.

"వినబడుతోందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏంటి సార్?"

"ఏం లేదు. ఆ కొట్టు దగ్గర ఆపు. పాలు కొనాలి."

ఇంటి గుమ్మం పక్కన చిన్న చిన్న స్కూలు బూట్లు తళతళలాడుతున్నాయి. ప్రతి ఆదివారం అతనే స్వయంగా పాలిష్ చేస్తాడు. ఇంకా కొత్తవి కొనే పని పడలేదు. ఒక బూటు కాస్త వంకరగా ఉంటే సరిచేసి లోపలికి వెళ్లాడు.

భార్య అప్పుడే పాప గదిలోంచి గ్లాసు పట్టుకుని బయటికి వస్తోంది.

"మళ్లీ ముట్టలేదండీ. చూడండి, మీగడ."

అతను చూశాడు. తెల్లటి మీగడ, ఎక్కడా ముడత లేకుండా గ్లాసు నిండా పరుచుకుని ఉంది. చాలాసేపు దానివంకే చూస్తూ ఉండిపోయాడు. చెవుల్లో ఆవు అరుస్తూనే ఉంది. పాల ప్యాకెట్టు భార్య చేతిలో పెట్టి ఒక్క ఉదుటున బయటికి వచ్చాడు.

"డ్రైవర్, ఆ దూడను తీసుకెళ్లి ఎక్కడిదక్కడే పెట్టి రా."

"మరి బిళ్ల, సార్?"

ఇన్‌స్పెక్టరు జేబులోంచి బిళ్ల తీసి ఇచ్చాడు. "చెవికి వేసి రా. దూడ ఉందని రాస్తాను."

డ్రైవరు వెనక తలుపు తీసి, దూడ తల కొట్టుకోకుండా సీటు మీద సర్ది మరీ జీపు తిప్పాడు.

లోపల భార్య కొత్త పాలు కాచి, పువ్వుల గ్లాసులో పోస్తోంది.

"వడకట్టి ఇవ్వు," అన్నాడు అతను మెల్లగా.

పాప బతికున్నప్పుడూ మీగడ ముట్టేది కాదు.