కాపలా అత్త

“మింగు. ముందది మింగి, తర్వాత మాట్లాడు.”

ఆ గద్దింపు హాలంతా వినబడింది. భోంచేస్తున్న గర్భిణులు తలలెత్తి చూశారు.

గర్భిణుల భోజన కేంద్రం తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

మూలబల్ల దగ్గర ఓ పిల్ల తింటోంది. కడుపు తప్ప ఒంట్లో ఎక్కడా కండ లేదు. అందుకే హాల్లో అందరికీ ఆమె బక్కపిల్ల.

ఎదురుగా ఓ పెద్దావిడ కూర్చుంది. ఆవిడకి కంచం లేదు. పిల్ల చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ప్రతి ముద్దనీ గుడ్లప్పగించి చూస్తోంది.

“ఎవరావిడ?”

“కాపలా అత్తండీ,” వంటావిడ గరిటె ఆపకుండా చెప్పింది. “మేం పెట్టిన పేరే లెండి. కోడల్ని ఒక్కపూట వదలదు. ఆ సంచీ వదలదు.”

సూపర్‌వైజరమ్మకి ఒళ్ళు మండింది. గట్టిగా మండడానికి ఓపిక లేదు గానీ, ఉన్నంతలో మండింది. పొద్దున్నుంచి ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి తిరుగుతూనే ఉంది.

ఈమధ్యే ఆమెకి శిక్షణ అయింది. పెద్ద హోటల్లో కడుపునిండా పెట్టి, ఆడవాళ్ళ ఆకలి గురించి చెప్పారు. ఇంటికి సరుకులిస్తే మగవాళ్ళు తినగా, అత్తగారు తినగా, గిన్నె అడుగున మిగిలిందే కడుపుతో ఉన్న కోడలికి దక్కుతుందన్నారు. అందుకే ఈ హాలు. తినేది ఇక్కడే తినాలి. డబ్బాలో ఇంటికి పట్టుకెళ్తే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు.

చెప్పింది అబద్ధం కాదు. ఆమె కూడా ఇంట్లో ఆఖర్నే తింటుంది. శిక్షణలో ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

దగ్గరికి వెళ్ళేసరికి, పెద్దావిడ సంచిలోంచి డబ్బా తీసింది. మూత తెరిచింది. లోపల భోజనం ఉంది. పైన ఉడకబెట్టిన గుడ్డు.

“దొరికారు! కడుపుతో ఉన్న పిల్ల నోటి దగ్గరిది లాక్కోడానికి మీకు మనసెలా వచ్చిందమ్మా?”

బక్కపిల్ల చప్పున లేచింది. “మేడం, ఆవిడ కాదు, నే...”

“నువ్వు కూర్చో. తిను,” అంది పెద్దావిడ.

పిల్ల నోరు మూతపడింది.

“చూశారా, నా ఎదురుగానే నోరు మూయిస్తున్నారు!”

పెద్దావిడ డబ్బాలోది పిల్ల కంచంలోకి వంచింది. “తప్పు నాదేనమ్మా. పిల్ల పేరు కొట్టకండి.”

“పిల్ల పేరెందుకు కొడతాను? రేపట్నుంచి మీరు ఈ గడప తొక్కకండి.”

“సరే.” మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. “ఈ పిల్ల తినేదాకా ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోండి. అంతే చాలు.”

“మా పని మాకు నేర్పకండి.”

ఆవిడ సంచి పిల్ల పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు పిల్ల ఒక్కతే వచ్చింది.

“అత్తలేని కోడలుత్తమురాలని ఊరికే అన్నారా!” అంది వంటావిడ.

ఫోన్లో ఆ మాట విని సూపర్‌వైజరమ్మ చాన్నాళ్ళకి నవ్వింది. ఒక కోడలికి అత్త పీడ వదిలించానని సమావేశంలో చెబితే పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

పిల్ల ఎదురుగా మాత్రం ఎవరూ కూర్చోలేదు. వంటావిడకి పొయ్యితోనే సరి. సూపర్‌వైజరమ్మకి ఊపిరి తీసుకునే తీరిక లేదు. పిల్ల కంచం రోజూ తుడిచినట్టు ఖాళీ అవుతోంది. ఇంకేం కావాలి?

తూకంలో ముల్లు కదలకపోతే, “కొందరి తత్వమే అంత,” అంది నర్సు.

ఓ మధ్యాహ్నం చేతులు కడుక్కుంటూ పిల్ల కుళాయి దగ్గరే కూలబడింది. సంచి జారి, డబ్బా మూత ఊడి, ఆ పూట భోజనమంతా నేలపాలైంది.

ఆస్పత్రిలో పిల్ల దక్కింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

ఆ రోజు సూపర్‌వైజరమ్మ ఇంకే కేంద్రానికీ వెళ్ళలేదు. మంచం పక్కన కూర్చుంది. పిల్ల చెయ్యి పట్టుకుందామంటే మొహం చెల్లలేదు.

“ఎందుకమ్మా, తినకుండా దాచావు?”

“మామగారు, మా ఆయన, ఇద్దరు మరుదులు. ఎవరికీ పనుల్లేవు మేడం.”

“తెమ్మని అడిగారా?”

“అడగరు. సంచి వంక చూస్తారు.”

సూపర్‌వైజరమ్మ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

“ఆవేళ మీరు చూసిన డబ్బా కూడా, వడ్డించగానే నేను నింపిందే,” అంది పిల్ల. “ ఆవిడ రోజూ అది వెతికి తీసి, మళ్ళీ నా కంచంలోనే పోసేవారు. తినేదాకా లేవనిచ్చేవారు కాదు. నిజం చెబితే నా పేరు పోతుందని నన్ను చెప్పనివ్వలేదు.”

“తప్పయిపోయిందమ్మా. మీ అత్తగారికి ఇప్పుడే కబురు పెడతాను. కాళ్ళు పట్టుకుంటాను.”

పిల్ల వింతగా చూసింది. “మా అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు.”

“మరి ఆవిడ?”

“నాకేమీ కారు. మా వీధి చివర అద్దెగదిలో ఉండేవారు. మీరు రావద్దన్నాక కొన్నాళ్ళు నన్ను దారిలో ఆపి, తిన్నావా అని అడిగారు. తిన్నానని అబద్ధమాడాను. తర్వాత గది ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికో ఎవరికీ తెలీదు.”

“ఏమీ కాని మనిషి రోజూ వచ్చి నీకెందుకు కాపలా కాసింది?”

పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది.

“ఆవిడ కోడలు కూడా కిందటేడు ఆ హాల్లోంచే డబ్బా పట్టుకెళ్ళేదట మేడం, నువ్వు తిన్నావా అని ఒక్కరోజూ అడక్కుండా, ఆ పిల్ల కానుపులో పోయేదాకా, అదంతా తిన్నది ఆవిడేనట.”